కానిస్టేబులు చెంపల మీద చుక్కలు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళింట్లో తప్పకుండా ఒక డాక్టరు ఉండి ఉంటాడు. మన డాక్టరు నలభై ఏళ్ళు చర్మవ్యాధులు చూశాడు. ఆయన గది బయట బెంచీల మీద చోటు చాలక జనం మెట్ల మీద కూర్చునేవారు. గజ్జి, తామర, బొల్లి, మొటిమలు, ఏదైనా సరే, రోగి తలుపు తోసుకుని కుర్చీ దాకా వచ్చేలోపే సగం సంగతి పసిగట్టేసేవాడు. అంతటి మనిషి ఇంట్లో ఉండగా, భార్యకి మోచేతి మీద దద్దురు లేస్తే ఆవిడేం చేసేదో తెలుసా? చెప్పులేసుకుని వీధి చివర మందుల షాపుకి వెళ్ళి, "ఏదైనా పూతమందు ఇవ్వు బాబూ" అని అడిగేది.

"ఇంట్లో నేనొకణ్ణి ఏడిశాను కదే!" అని డాక్టరు లబలబలాడేవాడు.

"మీరు మొదలుపెడితే ఎప్పుడు లేచింది, ఎక్కడ లేచింది, ఇంకెవరికుంది అని మా మూడు తరాల చరిత్రా అడుగుతారు. ఆ లోపల అదే పోతుంది" అనేది ఆవిడ.

ఆవిడ బళ్ళో లెక్కలు చెప్పిన టీచరమ్మ. ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. ఆవిడకి ఇంటి నిండా పనే. ఆయనకి మాత్రం పొద్దున్న లేచి గడ్డం గీసుకున్నాక ఇక చెయ్యాల్సింది ఏమీ కనిపించేది కాదు. పేపరు రెండుసార్లు చదివేవాడు. పాలు పోసే ఆవిడ చేతి మీద మచ్చ చూసి ఆశగా పలకరిస్తే, "అది పుట్టుమచ్చ సార్" అని వెళ్ళిపోయింది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి వచ్చి "ఇదేంటో చూడండి" అంటే చాలుననిపించేది. ఆ ఒక్క మనిషి తన భార్యే అయితే బాగుండునని ఆయన మనసులో కోరిక. పైకి చెప్పుకోడానికి సిగ్గు.

టీచరమ్మకి చేపల పిచ్చి. హాల్లో కిటికీ పక్కన నాలుగడుగుల గాజు తొట్టి, అందులో సన్నాకుల నీటి మొక్కలు, వాటి మధ్య తొమ్మిది బంగారు చేపలు. ఏది మగదో ఏది ఆడదో ఎవరూ అడగలేదు, అవీ చెప్పలేదు. ఎర్రగా పొడుగ్గా ఉండి పొద్దస్తమానం ఈ మూల నుంచి ఆ మూలకి గస్తీ తిరిగే దాని పేరు కానిస్టేబులు. గుండ్రంగా, తెల్లగా, తిండి చూస్తే తప్ప కదలని దాని పేరు బొద్దమ్మ. తొట్టి మీద డాక్టరుకి ఉన్న హక్కల్లా దూరం నుంచి చూడడం వరకే.

అలాంటిది ఒక సోమవారం పొద్దున్న టీచరమ్మ సంచీ సర్దుకుంది. వాళ్ళక్కకి కంటి ఆపరేషను. ఆరు రోజులు అక్కడ ఉండాలి. తొట్టి సంగతి డాక్టరుకి అప్పజెప్పక తప్పలేదు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించింది. లెక్కల టీచరు కదా, అంకెలు వేసి మరీ రాసింది. దాణా ఎంత, దీపం ఎన్నింటికి ఆర్పాలి, ఇవన్నీ అయ్యాక ఐదో అంశం ఇదీ: తెల్లచుక్కలు వస్తే హడావిడి పడొద్దు. ఏటా ఈ రోజుల్లోనే కానిస్టేబులుకి వస్తాయి. ఎర్ర బకెట్టులో విడిగా వేసి చెంచాడు ఉప్పు కలపండి. పది రోజుల్లో తగ్గుతుంది. ఆరో అంశం కింద రెండు గీతలు: సొంత వైద్యం చెయ్యొద్దు.

ఆ రెండు గీతలు డాక్టరు గుండెల్లో దిగాయి. నలభై ఏళ్ళ అనుభవానికి దక్కిన మర్యాద అది!

"నేను తిరిగొచ్చేసరికి తొమ్మిదీ క్షేమంగా ఉండాలి" అని గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

"పొలుసు కూడా రాలనివ్వను, పోవే" అన్నాడు డాక్టరు. ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుంటూనే బండెక్కింది. ఆయన మాత్రం తలుపేసి చేతులు రుద్దుకున్నాడు. ఈ ఆరు రోజులూ నెగ్గుకొస్తే ఇంట్లో తన మాటకి ఓ విలువ వస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, మనవాడు రచ్చ ఎప్పుడో గెలిచేశాడు. మిగిలింది ఇల్లే.

మంగళవారం పొద్దున్న దాణా వేస్తుంటే కానిస్టేబులు గాజు దగ్గరకొచ్చి పక్కకి తిరిగాడు. చెంపల మీద తెల్లచుక్కలు!

మనలో మాట, డాక్టరుకి దిగులు కలగలేదు. ఆనందం కలిగింది. ఎన్ని నెలలకి ఒక చర్మరోగి దొరికాడు! అది చేప అయితేనేం. ఫోనులో వెతికాడు. బంగారు చేపలకి తెల్లచుక్కల జబ్బు అని ఒకటుందిట. కంటికి కనపడని పురుగు పొలుసుల కింద దూరి ఒక్కో చుక్కగా తేలుతుందిట. ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుని తొట్టి తొట్టినే తుడిచిపెట్టేస్తుందిట. చదువుతూ ఉంటే ఆయనకి ఉత్సాహం పెరిగింది గానీ తగ్గలేదు.

ఐదో అంశం ప్రకారం ఉప్పు వేసి ఊరుకోవచ్చు. కానీ పది రోజుల్లో తగ్గితే గొప్పేముంది? అదెలాగూ ఆవిడ వైద్యమే. శనివారం ఆవిడ గుమ్మంలో కాలు పెట్టేసరికి చుక్క మిగలకూడదు, అప్పుడు గదా! సాయంత్రం చొక్కా మార్చుకుని చేపల కొట్టుకి బయల్దేరాడు.

కొట్టు నడిపే ఆవిడ మోచేతుల దాకా తడి చేతులతో, మెడలో వల వేలాడేసుకుని, ముప్ఫై తొట్ల మధ్య తిరుగుతోంది. తెల్లచుక్కలనగానే ఆగింది. "ఏ రకం చేపండీ? చుక్కలు ఒంటినిండా ఉన్నాయా, ఒక్కచోటేనా? ఫోటో తీశారా?"

"అమ్మా, నేను చర్మం డాక్టర్ని" అన్నాడాయన, కళ్ళజోడు సర్దుకుని. "నలభై ఏళ్ళు చూశాను. రోగం ఏమిటో నాకు తెలిసిపోయింది. మందివ్వండి చాలు."

"అది కాదు సార్, బంగారు చేపల్లో ఒక్కోసారి..."

"మందు, అమ్మా."

"సరే సార్, మీకు తెలీందేముంది" అని ఆవిడ ఒక చిన్న సీసా చేతిలో పెట్టింది. లోపల నీలంరంగు మందు. వైద్యం తెల్లారగానే మొదలుపెడదామనుకుని, ఇంటికి వస్తూ డాక్టరు ఈల కూడా వేశాడు.

చూశారా చోద్యం! ఈయన గదిలో నలభై ఏళ్ళ పాటు తిట్లు తిన్న రోగుల్లో నూటికి తొంభై మంది తప్పు ఒక్కటే. డాక్టరుకి చూపించకుండా షాపులో మందు కొని పూసుకుని, ముదిరాక రావడం. "వాడెవడు నీకు మందివ్వడానికి? నువ్వెవడివి అడగడానికి?" అని ఎంతమందిని కడిగేశాడో లెక్కలేదు. ఇప్పుడు అదే పని తాను చేసి, పైగా ఈల వేసుకుంటూ వస్తున్నాడు. మన వీపు మనకి కనపడదంటారు, ఇదే.

బుధవారం తెల్లవారుతూ ఉండగా హాల్లోంచి తపతపమని చప్పుడు. డాక్టరు లేచి పరుగెత్తాడు. తొట్టిలో పెద్ద అల్లకల్లోలం. కానిస్టేబులు బొద్దమ్మ వెంట పడ్డాడు. ఆవిడ మొక్కల్లో దూరితే ఈయనా దూరుతున్నాడు. తలతో డొక్కలో పొడుస్తున్నాడు, ఒంటికి ఒళ్ళు రుద్దుతున్నాడు. నీళ్ళు ఎగిరి నేల మీద పడుతున్నాయి. జన్మలో కదలని బొద్దమ్మ బాణంలా దూసుకుపోతోంది. గంటన్నర తర్వాత గొడవ సద్దుమణిగితే చూశాడు, ఆవిడ డొక్క మీద మూడు పొలుసులు లేవు.

"దురద!" అన్నాడు డాక్టరు గట్టిగా. "దురద తట్టుకోలేక ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. అంటుకుపోయింది!"

ఇంక ఆగలేదు. గిన్నెతో కానిస్టేబుల్ని పట్టి ఎర్ర బకెట్టులో వేశాడు. చెంచాడు ఉప్పు కలిపాడు. దాని మీద సీసాలోని నీలం మందు పోశాడు. మందు బొట్లు లెక్కపెట్టే ఓపిక లేక కాస్త ధారగానే పడింది. చేతులు నీళ్ళల్లో ముంచి బాగా కలిపాక చూసుకుంటే పది వేళ్ళూ నీలంగా ఉన్నాయి. సబ్బు పెట్టాడు. పోలేదు. నిమ్మకాయ రుద్దాడు. పోలేదు. ఈ రంగు తోలు మీద పడితే తోలు రాలే దాకా పోదని ఆయన కన్నా ఎక్కువ తెలిసినవాళ్ళెవరు?

రాత్రి భోజనం వేళకి ఫోను మోగింది.

"చేపలెలా ఉన్నాయండీ?" అంది టీచరమ్మ. మొగుడెలా ఉన్నాడన్నది రెండో ప్రశ్న.

"ఏం, ఎందుకలా అడుగుతున్నావ్? వాటికేమైంది?" అన్నాడు డాక్టరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"ఊరికే అడిగాను. కానిస్టేబులు బావున్నాడా?"

"వాడికేం, డ్యూటీలో ఉన్నాడు."

"చుక్కలేమైనా..."

"మీ అక్క కన్నెలా ఉంది?" అని మాట మార్చేశాడు. ఫోను పెట్టేశాక నుదుటి చెమట తుడుచుకున్నాడు.

గురువారం కానిస్టేబులు బకెట్టు అడుగున కదలకుండా పడున్నాడు. మధ్యాహ్నానికి పైకి తేలి నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. చుక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కటి తగ్గలేదు. డాక్టరు బకెట్టు పక్కన చిన్న పీట వేసుకుని కూర్చున్నాడు. మొదటిసారి ఆయనకి భయం వేసింది. ఇది ఎవరో తెలియని రోగి కాదు. రోజూ పొద్దున్న ఆవిడ కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునే చేప. ఇది గనక పోతే ఆవిడ తిట్టదు. ఏమీ అనకుండా కాగితం మీద ఇంకో గీత గీస్తుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, సాయంత్రం దీపం వేసి చూస్తే తొట్టిలోని మొక్కల మీద కూడా చుక్కలు. సన్నాకుల నిండా వందల కొద్దీ. జబ్బు మొక్కలకి కూడా పాకింది! ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు గుండె రాయి చేసుకున్నాడు. మిగిలిన మందంతా తొట్టిలో పొయ్యాలి. ఎనిమిది చేపలైనా దక్కుతాయి. సీసా మూత తీశాడు. చెయ్యి తొట్టి మీదకి చాపాడు. సీసా వంచబోయి ఆగిపోయాడు.

అది ఆలోచించి ఆగడం కాదు, అలవాటు. నలభై ఏళ్ళలో ఏ రోగికీ భూతద్దం పెట్టి వెలుతురులో ఒకసారి చూడకుండా చీటీ రాసి ఎరగడు. బయట వందమంది అరుస్తున్నా సరే, కలం మూత తీశాక కూడా ఆపి, "లైటు దగ్గరకి రా బాబూ" అని ఒకసారి చూసేవాడు. ఈ నాలుగు రోజుల్లో ఆ పని ఒక్కసారీ చెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది. రోగి కనపడిన సంబరంలో పరీక్ష మర్చిపోయాడు మహానుభావుడు.

సీసా పక్కన పెట్టాడు. మొక్క నుంచి ఒక చిన్న రెమ్మ తుంచి, గాజు పళ్ళెంలో తొట్టి నీళ్ళు పోసి అందులో ఉంచాడు. బీరువాలోంచి తన దీపమున్న భూతద్దం తీశాడు. కిటికీ దగ్గర కూర్చుని కన్ను ఆనించాడు.

తెల్లటి పొక్కు అనుకున్నది పొక్కు కాదు. ఉడికిన సగ్గుబియ్యం గింజలా లోపల్నుంచి వెలుతురు పోతోంది. లోపల ఏదో సన్నటి పోగు చుట్టుకుని ఉంది. దానికి ఒక చివర రెండు నల్లచుక్కలు. డాక్టరు భూతద్దం ఇంకాస్త దగ్గరకి జరిపాడు. పోగు చటుక్కున కదిలింది. ఆ రెండు నల్లచుక్కలూ ఇటు తిరిగాయి.

నలభై ఏళ్ళలో ఏ పుండూ, ఏ మచ్చా ఆయన్ని తిరిగి చూడలేదు.

"ఓరి నాయనో!" అన్నాడు డాక్టరు. జబ్బుకి కళ్ళుండవు. ఇవి గుడ్లు. గుడ్లల్లో పిల్లలు. మొక్కల నిండా పిల్లలే! పక్కన మూత తీసి ఉన్న సీసా వంక చూశాడు. గబగబా మూత బిగించి, సీసాని తీసుకెళ్ళి పెరటి అలమరలో అట్టడుగున పెట్టి, దాని ముందు ఖాళీ డబ్బాలు అడ్డం పెట్టి వచ్చాడు. తన చేతిని తానే నమ్మే స్థితిలో లేడు మరి.

అప్పుడు భూతద్దం పట్టుకుని బకెట్టు దగ్గర కూర్చున్నాడు. ఈసారి డాక్టరులా కూర్చున్నాడు. రోగిని ఏ ప్రశ్నలు అడగాలో అవన్నీ వరుసగా అడిగాడు, జవాబులు తనే వెతుక్కున్నాడు. చుక్కలు ఎక్కడున్నాయి? మొప్పల మీది మూతల మీద, ముందు రెక్కల అంచు మీద. తోక మీద? లేవు. వీపు మీద? ఒక్కటీ లేదు. రెండు వైపులా ఉన్నాయా? ఉన్నాయి, అటెన్నో ఇటన్నే. అదీ ఎలా? చక్కగా వరుస కట్టి. పురుగు పట్టిన చుక్కలైతే చేత్తో చల్లిన ఉప్పురవ్వలా ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి గానీ, బడిపిల్లల్లా బారులు తీరి నిలబడవు. ఎప్పుడొస్తాయి? ఏటా ఇవే రోజుల్లో. చలి పోయి నీళ్ళు వెచ్చబడే రోజుల్లో. వాటంతటవే పోతాయా? పోతాయి.

చెంపల మీద. రెండు వైపులా. వయసొచ్చాక. మందు లేకపోయినా పోయేవి.

"మొటిమలు!" అని కేకేశాడు డాక్టరు. "ఒరేయ్, నీవి మొటిమలురా!"

ఎన్ని వేలమంది తల్లులు కొడుకుల్ని చెవి పట్టుకుని తెచ్చి ఆయన ముందు కూర్చోబెట్టలేదు! "మా వాడికేదో వచ్చింది డాక్టరు గారూ" అంటే, "ఇది రోగం కాదమ్మా, వయసు" అని ఎన్ని వేలసార్లు చెప్పలేదు! అదే మాట వయసులో ఉన్న ఈ మగచేప ముఖం మీద అంత స్పష్టంగా రాసి ఉంటే చదువుకోలేకపోయాడు. బుధవారం తెల్లవారుజామున జరిగింది దురదా కాదు, దెబ్బలాటా కాదు. అది పెళ్ళి. పెళ్ళైన గంటకే పెళ్ళికొడుకుని ఎత్తుకొచ్చి ఉప్పునీళ్ళల్లో పడేశాడు తను. కానిస్టేబుల్నే లాకప్పులో పెట్టాడు!

ఆ పీట మీద కూర్చుని డాక్టరు ఒక్కడే నవ్వాడు. నవ్వి నవ్వి నీలం వేళ్ళతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత గంటసేపు ఓపిగ్గా బకెట్టులోంచి గ్లాసుడు మందునీళ్ళు తీసి, గ్లాసుడు తొట్టినీళ్ళు పోస్తూ కూర్చున్నాడు. నీళ్ళ రంగు విరిగిన కొద్దీ కానిస్టేబులు తేరుకున్నాడు. తోక ఆడింది. తొట్టిలో వదలగానే ఒక్క క్షణం నిలబడి, ఆ మూల నుంచి ఈ మూలకి గస్తీ మొదలుపెట్టాడు. డాక్టరు గాజు మీద చేయి వేసి "క్షమించరా అబ్బాయ్" అన్నాడు, మనసారా.

సంబరం ఎంతోసేపు నిలవలేదు. బొద్దమ్మ మొక్క దగ్గరకి నిదానంగా వచ్చి, నోరు చాపి, ఒక గుడ్డు చప్పరించింది. ఇంకోటి చప్పరించింది.

"ఛీ ఛీ, నీ పిల్లలే! తల్లివేనా నువ్వు?" అని డాక్టరు గుండెలు బాదుకుని పరుగెత్తాడు. అటక మీద మనవరాలి పసితనంలో కొన్న స్నానాల టబ్బు ఉంది. దాన్ని దింపి, సబ్బు వాడకుండా మూడుసార్లు కడిగి, తొట్టినీళ్ళు పోసి, మొక్కలన్నీ ఒక్కొక్కటిగా అందులోకి మార్చేసరికి చీకటి పడింది. నడుం పట్టేసింది. ఇన్ని నెలల్లో ఆయన ఇంత హాయిగా నిద్రపోయిన రాత్రి ఇంకోటి లేదు.

శనివారం మధ్యాహ్నం టీచరమ్మ బండి దిగింది. సంచీ భుజాన ఉండగానే సరాసరి తొట్టి దగ్గరకి నడిచింది.

"తొమ్మిదీ ఉన్నాయి. బొద్దమ్మ డొక్క మీద పొలుసులేవి? మొక్కలేవి?" ఇటు తిరిగింది. "మీరు చేతులెందుకు వెనక్కి పెట్టుకున్నారు?"

"ఏం లేదే, ఊరికే."

"చూపించండి."

ముప్ఫై ఐదేళ్ళు పిల్లల చేతులు చాపించిన గొంతు అది. డాక్టరు చాపాడు. పది నీలం వేళ్ళు.

"సొంత వైద్యం" అంది టీచరమ్మ.

"సొంత వైద్యమే" అన్నాడు డాక్టరు. అబద్ధమాడదామని పొద్దున్నుంచీ మూడు కథలు అల్లుకుని ఉంచాడు. ఆవిడ ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కొట్టావిడ అడిగిన ప్రశ్నలు, తన ఫోజు, ధారగా పోసిన మందు, ఫోనులో చెప్పిన అబద్ధం, వంచబోయి ఆగిన సీసా, ఏదీ దాచలేదు. ఇక అసలు కష్టమైన మాట ఒకటి మిగిలింది. అది చెప్పకుండా ఉంటే సుఖంగా ఉండేది. కానీ వచ్చే ఏడు మళ్ళీ చుక్కలొస్తాయి, మళ్ళీ బకెట్టు వస్తుంది.

"ఇంకోటి చెప్పాలి. కోప్పడకు. నీ ఐదో అంశం తప్పు."

"ఏమిటీ?"

"అది జబ్బు కాదు. ఎప్పుడూ కాదు. వాడు మగవాడు, వాడికి వయసొచ్చింది, అంతే. చెంపల మీద మొటిమలు."

టీచరమ్మ సంచీ నేల మీద పెట్టింది. వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టింది.

"అయితే మూడేళ్ళ నుంచీ..."

"మూడేళ్ళ నుంచీ."

"వాడికి ఒంట్లో శుభ్రంగా ఉండి..."

"నీకన్నా నాకన్నా శుభ్రంగా ఉండి."

"ఏటా పది రోజులు వాణ్ణి బకెట్లో పెట్టి నేను పక్కన కూర్చునేదాన్నండీ" అందావిడ, గొంతు సన్నబడిపోయి. "ధైర్యంగా ఉండు నాన్నా, తగ్గిపోతుంది అని చెప్పేదాన్ని." పెదాలు అదిరాయి. "వాడు లోపల నన్నెంత తిట్టుకునుంటాడో!"

అనడమే తడవు, ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడ తొట్టి పట్టుకుని నవ్వింది, ఆయన గోడ పట్టుకుని నవ్వాడు. కాస్త తగ్గుతుందనగా కానిస్టేబులు గాజు దగ్గరకొచ్చి చెంప చూపించాడు. మళ్ళీ మొదలు.

టబ్బు దగ్గర పీటలు వేసుకుని కూర్చున్నారు. డాక్టరు రెమ్మ ఒకటి పళ్ళెంలో పెట్టి భూతద్దం అందించాడు. టీచరమ్మ కన్ను ఆనించి, "ఏవండోయ్, ఇది నన్నే చూస్తోంది!" అని పీట మీద ఎగిరింది. ఐదు గంటలవుతుండగా టబ్బులో ఒక గుడ్డులోని పోగు గింజుకుని, ఇంకోసారి గింజుకుని, బయటికొచ్చి పడింది. కనుబొమ్మ వెంట్రుకంత ప్రాణి. పోయి టబ్బు గోడకి అతుక్కుంది. దాని వెనకే ఇంకోటి. మూలన రెండు. ముప్ఫై ఐదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి వేలితో చూపిస్తూ లెక్కపెట్టబోయి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ తప్పి, "పోనీలెండి, బోలెడు" అని వదిలేసింది.

చీకటి పడుతుంటే డాక్టరు లేచి దీపం వేశాడు. వెనక్కి తిరిగేసరికి టీచరమ్మ టబ్బు వైపు కాదు, తన వైపే చూస్తోంది.

"ఏమండీ."

"ఊఁ?"

ఆవిడ ఎడమచేతి గడియారం విప్పి పక్కన పెట్టింది. మణికట్టు కింద రూపాయి బిళ్ళంత మేర చర్మం ఎర్రగా, పొట్టు లేచి ఉంది. "రెండేళ్ళయింది. ఎప్పుడూ మీకు చూపించలేదు. ఇదేంటో ఒకసారి చూస్తారా?"

డాక్టరు పీట దగ్గరకి లాక్కుని, ఆ చేతిని తన నీలం వేళ్ళ మధ్య జాగ్రత్తగా పట్టుకుని, భూతద్దం పెట్టాడు. ఏమీ కనపడలేదు. అద్దం తుడిచాడు. అప్పటికీ కనపడలేదు. తుడవాల్సింది అద్దాన్ని కాదని తెలిసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమిటండీ, అంత పెద్ద జబ్బా?" అంది టీచరమ్మ కంగారుగా.

"గడియారం పట్టీ కింద తడి ఆరక వచ్చిందే, పిచ్చిదానా. పది రోజుల్లో పోతుంది" అన్నాడు డాక్టరు. అయినా ఆ చెయ్యి వదలలేదు. "ఉండు, కదలకు. ఎప్పుడు మొదలైంది? ముందు ఎక్కడ లేచింది? మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

టీచరమ్మ నవ్వి, పీట మీద సర్దుకుని కూర్చుని, "మా అమ్మమ్మ దగ్గర్నుంచి చెప్పనా?" అంది.

"చెప్పు" అన్నాడు డాక్టరు.